నాడి గతి తప్పితే అశ్రద్ధ చేయవద్దు
(పాల ఉత్పత్తిదారుల సంఘం మహాజన సభలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



లెక్కల తనిఖీకి వచ్చేవాడికి ఆరోగ్యం ఊసెందుకని మీకు తోచవచ్చు. నా డిప్లొమా సహకార శాఖది, వైద్యానిది కాదు. అయినా వైద్యులు రూఢిగా చెప్పిన ఈ సంగతి మన ఇళ్లలో తెలిసినవారు తక్కువ.

మెడ ముందు భాగాన థైరాయిడ్ గ్రంథి ఉన్నది. దాని హార్మోను మితిమీరితే ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతాడు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది. పెద్దవయసువారిలో ఇవన్నీ పైకి కనిపించకపోవచ్చు. నీరసం, బరువు తగ్గడం, నాడి గతి తప్పడం, అంతే. వయసు మీద పడిందిలే అని ఇంట్లోవారు ఊరుకుంటారు. ప్రమాదం అక్కడే ఉన్నది.

గతి తప్పిన గుండెలో పై గదులు సరిగా ముడుచుకోక ఊరికే అదురుతుంటాయి. రక్తం ఒక మూల నిలిచి గడ్డకడుతుంది. పాలు విరిగితే పారబోసి ఊరుకుంటాం. ఈ గడ్డ కదిలి మెదడులో రక్తనాళానికి అడ్డుపడితే పక్షవాతమే. గుండె ఇలా అదిరేవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు.

1991 మే నెలలో అమెరికా అధ్యక్షుడు, పెద్ద జార్జి బుష్, పరుగెడుతుండగా ఆయాసపడ్డారు. గుండె గతి తప్పినట్లు, దానికి మూలం థైరాయిడ్ అని తేలింది. వైద్యం జరిగింది, 2018 వరకు, 94 ఏళ్లు జీవించారు. ఆయన వెంట వైద్యులుండేవారు. మనకు మన వేళ్లున్నాయి.

మణికట్టు మీద, బొటనవేలి వైపున, రెండు వేళ్లు ఆనించి నిమిషంపాటు లెక్కపెట్టండి. స్థిమితంగా కూర్చున్నప్పుడు 60 నుంచి 100 వరకు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, దెబ్బలు సమంగా పడాలి. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా పడుతుంటే డాక్టరుకు చూపించండి. ఇ.సి.జి.తోపాటు థైరాయిడ్ రక్తపరీక్ష కూడా అడగండి.

గ్రంథి అదుపులోకి వస్తే చాలామందికి కొన్ని నెలల్లో గుండె తనంతట తానే గాడిన పడుతుంది. అందరికీ కాదు. ఈలోగా రక్తం గడ్డకట్టకుండా కొందరికి మాత్రలిస్తారు. దడ తగ్గింది గదా అని వాటిని మానేయవద్దు. గేదెకు దాణా మాన్పడానికి పదిసార్లు ఆలోచించే మనం మన మందు ఒక్క మాటతో మానేస్తాం!

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పాల వ్యాను కోసం కాచుకోవద్దు. 108కి ఫోను చేయండి. గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అదీ స్కానింగ్ తీశాకనే. మనిషి చివరిసారిగా ఎన్ని గంటలకు బాగున్నాడో, ఏ మాత్రలు వాడుతున్నాడో కాగితం మీద రాసి వెంట తీసుకువెళ్లండి.