పిప్పిపన్ను పుట్టుక

ఆదోని పత్తిమార్కెట్టులో హమాలీయైనను, ఎమ్మిగనూరు మగ్గముచెంత నేతగాడైనను, పంటినొప్పి రాగానే పురుగు తొలిచినదనుకొనుట వాడుక. పంటిలో పురుగు లేదు. తీపి తిన్నపుడెల్ల పంటిపాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పింగాణిపొరలోని సున్నపు లవణములను కరగించును. వానిని మరల చేర్చుటకు లాలాజలమునకు కొంత వ్యవధి కావలెను. మగ్గముపై కూర్చుండి గడియకొకసారి తీపి టీ త్రాగువానికి ఆ వ్యవధి చిక్కదు. కావున ఎంత తీపి తింటిమనుటతోపాటు ఎన్నిమారులు తింటిమనుటయు ముఖ్యమే.

పిప్పి పలువిధములు. దవడపంటి గుంటలలో పుట్టునది ఒకటి. రెండు పండ్ల సందున పుట్టునది వేరొకటి. చిగుళ్లు దిగజారిన పెద్దలకు పంటివేళ్లయందు, పాలసీసాతో నిద్రించు పసివారికి ముందుపండ్లయందు, పూడ్చిన పంటికి అంచునందు పుట్టును.

మొదట కానవచ్చునది తెల్లనిమచ్చ, నొప్పి యుండదు. అప్పుడే తీపి తగ్గించి, ఫ్లోరైడు పేస్టుతో దినమునకు 2 సారులు తోముకొన్నచో అది మానవచ్చును. గుంటపడిన పిమ్మట వైద్యుడే పూడ్చవలెను. నాడిని చేరినచో నిద్రపట్టని పోటు, చీము కలుగవచ్చును. లవంగతైలము నొప్పిని మరపించునేగాని పిప్పిని మాన్పదు.

తల్లులకొక మాట. సుమారు 6వ యేట పాలపండ్ల వెనుక మొలచు దవడపన్ను పాలపన్ను కాదు. పోయినచో మరల రాదు. ఈ రాత్రియే బిడ్డ నోరు తెరిపించి, దీపపు వెలుగున చూడుడు.