అప్పు లెక్క రాశాం, నష్టం లెక్క రాయలేదు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ఈసారి మమ్మల్ని బీమా గురించి మాట్లాడమన్నారు. మా సంఘంలో ఎక్కువ చదివింది పదో తరగతే. బీమా కంపెనీ వాళ్లు చెప్పినట్టు చెప్పడం మాకు రాదు. మా పదిమందికి ఏం జరిగిందో, మేము ఎక్కడ తప్పు చేశామో అది చెప్తాం. మా తప్పు విని మీరు జాగ్రత్త పడితే అదే మాకు చాలు.

2024 ఆగస్టు 31న పడిన వాన మీ అందరికీ గుర్తే. సెప్టెంబర్ 1 ఆదివారం సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక అన్నీ నీళ్లలో ఉన్నాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎప్పుడూ రాలేదు. కానీ మా ఇళ్లు ముంచింది కృష్ణమ్మ కాదు, గండ్లు పడిన బుడమేరు. 2005లో కూడా బుడమేరు ఇట్లాగే వచ్చిందని పెద్దవాళ్లు చెప్తే కథ విన్నట్టు విన్నాం. మన దాకా వస్తుందని ఎవరం అనుకోలేదు.

నీళ్లు దిగాక ఇళ్లలోకి వెళ్తే మోకాలి లోతు బురద. ఫ్రిజ్‌లు పక్కకు పడి ఉన్నాయి, బియ్యం బస్తాలు కుళ్లి వాసన. టైలరింగ్ చేసే మా అక్క ఇంట్లో మూడు మిషన్లు మునిగాయి. పండగకు కుట్టమని జనం ఇచ్చిన జాకెట్ గుడ్డలన్నీ బురదే. మిషన్లు పోయినందుకు కాదు, ఊరివాళ్ల గుడ్డలకు ఏం జవాబు చెప్పాలా అని ఆమె ఏడ్చింది.

ప్రభుత్వం కింద అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు, బైకులకు 3 వేలు ఇచ్చింది. ఆ డబ్బు చేతికొచ్చాకే మేము పొయ్యి వెలిగించుకున్నాం, కాదనం. కానీ అది సాయం. లక్ష పోయినవాళ్లకూ పదివేలు పోయినవాళ్లకూ ఒకటే లెక్క. బీమా అట్లా కాదు. అది మనం డబ్బు కట్టి కొనుక్కున్న హక్కు. ఆ తేడా మాకు వరద తర్వాతే తెలిసింది.

మా సంఘంలో కిరాణా కొట్టు నడిపే అక్క ఉంది. బ్యాంకు లోన్ తీసుకుంది. ఏటా అకౌంట్లో కొంత డబ్బు కట్ అయ్యేది. బ్యాంకు చార్జీ అనుకుంది, మేమూ అదే అనుకున్నాం. వరద తర్వాత ఆమె కూతురు పాస్‌బుక్ చూసి, "అమ్మా, ఇది ఇన్సూరెన్స్" అంది. లోన్ ఇచ్చినప్పుడే సరుకు మీద బీమా చేశారు. పాలసీ కాగితం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. విజయవాడ సబ్ కలెక్టర్ ఆఫీసులో బీమా క్లెయిముల కోసం ప్రత్యేకంగా కేంద్రం పెట్టారని తెలిసి, నలుగురం కలిసి వెళ్లాం.

అక్కడ రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, సర్వేయర్ వచ్చేసరికి కొట్టు కడిగేశాం. పాడైన సరుకు పారేశాం. ఎదురింటి కుర్రాడు డాబా మీద నుంచి తీసిన వీడియో ఉండబట్టి నిలబడ్డాం. రెండోది ఇంకా పెద్దది. కొట్లో సరుకు నాలుగు లక్షలది, బీమా రెండు లక్షలకే ఉంది. పాడైంది మూడు లక్షల సరుకు. అయితే రెండు లక్షలన్నా వస్తాయి కదా అనుకున్నాం. రావంట. సరుకులో సగానికే బీమా చేయించారు కాబట్టి నష్టంలోనూ సగమే లెక్క అన్నారు. అంటే లక్షన్నర, అందులో మళ్లీ పాలసీ ప్రకారం కొంత కోత. ప్రీమియం తక్కువ పడుతుందని సరుకు విలువ తగ్గించి రాయిస్తే మనకే దెబ్బ. వ్యాపారం చేసే అక్కలందరూ ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి.

మా సంఘంలో ఒక అక్క వరద తర్వాత రెండో నెలలో గుండెపోటుతో చనిపోయింది. ఇద్దరు ఆడపిల్లలు. మేమందరం ఒకే రోజు బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరినవాళ్లం. ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. కాబట్టి పిల్లలకు ఆ డబ్బు వస్తుందని ధైర్యం చెప్పాం. బ్యాంకుకు వెళ్తే ఆ ఏడాది ప్రీమియం కట్ కాలేదన్నారు. మే నెలాఖరులో ఆమె అకౌంట్లో 436 రూపాయలు లేవు. మెసేజ్ వచ్చింది, కానీ పాత ఫోన్ నంబరుకు.

ఆ మే నెలలో మేము ఏం చేశాం? సంఘం కిస్తీ ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదని ఆమె చేత అకౌంట్లో ఉన్నదంతా తీయించాం. కిస్తీ టైముకు కట్టాం. రికార్డులో మాకు మంచి గ్రేడ్ వచ్చింది. ఎవరు ఎంత పొదుపు, ఎవరికి ఎంత అప్పు అని పదకొండేళ్లుగా ఒక్క రూపాయి తేడా రాకుండా రాశాం. ఎవరి బీమా బతికి ఉందో రాసే గడి మా పుస్తకంలో లేదు. ఆమె వాటా అప్పు ఇప్పుడు మేము పంచుకుని కడుతున్నాం. కానీ ఆ పిల్లలకు రావాల్సిన రెండు లక్షలు మేము ఇవ్వలేం. ఆ పిల్లల మొహం చూసినప్పుడల్లా ఆ 436 గుర్తొస్తుంది.

అందుకే మేము చేసుకున్న కట్టుబాట్లు చెప్తాం. మినిట్స్ పుస్తకంలో బీమాకు ఒక పేజీ పెట్టాం. ప్రతి సభ్యురాలి పేరు, ఏ బీమా ఉంది, నామినీ ఎవరు, ఫోన్ నంబరు ఏది. మే 20 లోపు జరిగే సమావేశంలో ఒకటే ప్రశ్న: అకౌంట్లో 456 రూపాయలు ఉన్నాయా? జీవన జ్యోతికి 436, ప్రమాద బీమా సురక్షకు 20. లేకపోతే సంఘం పొదుపు నుంచి ఇచ్చి వేయిస్తాం. జూన్ మొదటి వారంలో పాస్‌బుక్ ఎంట్రీ చూసి టిక్ పెడతాం. ఒకసారి ఆగిపోతే మళ్లీ చేరినా మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల తప్ప మామూలుగా చనిపోతే డబ్బు రాదు. కాబట్టి ఆగనివ్వకూడదు.

బండ్ల సంగతి కూడా. మా ఇళ్లలో చాలా బైకులకు థర్డ్ పార్టీ బీమానే ఉంది. పోలీసులు ఆపితే చూపించడానికి అది చాలు. మన బండి మునిగితే మాత్రం పైసా రాదు. పూర్తి బీమా ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే పేచీ పెడతారు. స్టార్ట్ చేయకుండా తోయించుకుని వెళ్లండి. ఏది పాడైనా కడిగే ముందు ఫోటో తీయండి.

పల్లెల నుంచి వచ్చిన అక్కలకు ఒక మాట. గేదెకు బీమా ఉంటే చెవి పోగు జాగ్రత్త, అది లేకపోతే క్లెయిము లేదు. కౌలుకు చేసేవాళ్లు ఈ-పంట నమోదులో మీ పేరు పడిందో, భూమి యజమాని పేరు పడిందో చూసుకోండి. పంట ఒకరిది, పరిహారం ఇంకొకరిది కాకూడదు.

వచ్చిన అధికారులకు మా విన్నపాలు మూడు. లోన్‌తో పాటు బీమా చేస్తే ఆ కాగితం తెలుగులో మా చేతికి ఇవ్వండి. ప్రీమియం కట్ కాకపోతే ఆ లిస్టు సంఘానికి కూడా తెలపండి. మూడోది, గుజరాత్‌లో సేవ సంఘం అక్కలకు ఎండ ఒక హద్దు దాటితే సర్వేయర్ రాకుండానే డబ్బు పడే బీమా వచ్చింది. బుడమేరు ఇంత మట్టం దాటితే ఇంత అని మాకూ అట్లాంటిది ఆలోచించండి.

ఎల్‌ఐసీ వాళ్లు 2024 డిసెంబర్‌లో బీమా సఖి పథకం పెట్టారు. దానికి పదో తరగతి చాలు. మా సంఘం నుంచి ఒకరం చేరాలని తీర్మానం చేశాం. పాలసీలు అమ్మడానికి ఒక్కదానికే కాదు, కాగితం చదివి చెప్పే మనిషి మనలోనే ఒకరు ఉండాలని.

బుడమేరు మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేరు. వస్తే ఈసారి మా పుస్తకంలో ఆ గడి నిండి ఉంటుంది. మీరు కూడా ఇంటికి వెళ్లగానే పాస్‌బుక్ తీసి చూడండి. 436 అనే ఎంట్రీ కనపడకపోతే రేపు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లండి.