పంటి వైద్యము, పనిముట్ల శుద్ధి

హైదరాబాదు నుండి లంగర్‌హౌజు మీదుగా పడమరకు పోవు బాట గండిపేట, హిమాయత్‌సాగరము జలాశయముల నడుమగా మొయినాబాదు చేరి, అచ్చటి నుండి మఱ్ఱిచెట్ల నీడలో చేవెళ్ళకు సాగును. ఆ పల్లెల నుండి పూలు, టమాటాలు, ఆకుకూరలు నగరమునకు పోవుచుండగా, నగరము నుండి ఆ పల్లెలకు వచ్చిన వానిలో పంటి వైద్యశాల ఒకటి. పూర్వము పన్ను సలిపిన రైతు లవంగము నమలి, ఉప్పునీరు పుక్కిలించి, దవడ వాచిన మీదట అఫ్జల్‌గంజులోని ప్రభుత్వ దంతవైద్యశాలకు బస్సు ఎక్కవలసి వచ్చెడిది. నేడు బాట ప్రక్కనే పన్ను బొమ్మ వేసిన బోర్డులు కనబడుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పే. అయితే నేడు మేము ముచ్చటింపదలచినది పంటిని గూర్చి కాదు. ఆ కుర్చీలో కూర్చుండి మనము నోరు తెరచినపుడు లోపలికి వచ్చు పనిముట్లను గూర్చి. మనకంటె ముందు అవి ఎవరి నోటిలో ఉండెను? ఆ నోటికిని మన నోటికిని నడుమ వానికి జరిగిన దేమి?

ఈ ప్రశ్న ఛాదస్తము కాదు. పంటి వైద్యములో లాలాజలముతో పాటు రక్తము కూడ పనిముట్టునకు అంటును. కాలేయమును చెరచు హెపటైటిస్-బి అను వైరసు ఎండిన రక్తపు చారలో సైతము ఏడు దినముల వరకు బ్రదికియుండగలదు. ఆ చార కంటికి కనబడవలెనన్న నియమమును లేదు. తళతళ మెరయు పనిముట్టు శుభ్రమైనది కావచ్చును. శుద్ధమైనదని చెప్పుటకు మాత్రము వీలులేదు.

మనకు పొరుగుననే జరిగిన యొక దారుణమును చెప్పవలెను. తమిళనాడులో, ఆంధ్ర సరిహద్దుకు చేరువగా నున్న వాణియంబాడి పట్టణములో 2023వ సంవత్సరమున కొందరికి జ్వరము, తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము వంకరపోవుట మొదలైన లక్షణములు కనబడెను. అది మట్టిలోను నీటిలోను నివసించు ఒకానొక బాక్టీరియా మెదడునకు ప్రాకగా వచ్చిన మెలియాయిడోసిస్ అను రోగమని తేలినది. 2025లో ప్రచురితమైన పరిశోధన ప్రకారము, రోగము సోకిన 21 మందిలో 10 మంది ఒకే పంటి వైద్యశాలలో చికిత్స పొందినవారు. ఆ పదిమందిలో ఎనమండుగురు మరణించిరి. నోరు కడుగుటకు వాడు సెలైను సీసాలో ఆ క్రిమి దొరకినది. చిగురును ఎముక నుండి విడదీయు పనిముట్టుతోనే ఆ సీసా మూతను పెకలించి, మిగిలిన నీటిని వదులుగా మూసి యుంచి, తరువాతి రోగులకు వాడుట జరిగినదని పరిశోధకులు వ్రాసిరి.

ఇందులో గొప్ప యంత్రము చెడిపోయిన కథ ఏదియు లేదు. ఒక మూత, ఒక చేతి అలవాటు, అంతే. క్రిమిశుద్ధి యంత్రము ఎంత గొప్పదైనను, దాని ముందరను వెనుకను ఉన్న చేతులు సరిగా లేనియెడల ఫలము సున్న యని మేము నమ్ముటకు ఈ ఉదంతమే ప్రధాన కారణము.

"మేము పనిముట్లను మరగబెట్టుచున్నాము" అని ఎవరైన చెప్పినచో మనలో చాలమంది తృప్తిపడుదుము. మరగుట యన్నది మనకు అగ్నిపరీక్ష వంటిది. కాని సముద్రమట్టమున 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగు నీరు, ఎత్తునకు పోయినకొలది తక్కువ వేడికే మరగును. చేవెళ్ళ ప్రాంతము దక్కను పీఠభూమిపై సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట నీరు 98 డిగ్రీలకే తెర్లును. ఎంత మంట పెట్టినను, తెరచిన గిన్నెలో అంతకు మించి వేడెక్కదు. ఆ వేడికి మామూలు క్రిములు చచ్చును గాని, ధనుర్వాతము కలిగించు క్రిమివంటివి కొన్ని గట్టి పెంకు తొడిగికొని విత్తనముల వలె నిద్రించును. ఆ బీజములను నమ్మకముగా చంపుట మరగు నీటికి అలవి కాదు.

నీటిని మూతబెట్టి బంధించినచో ఆవిరి ఒత్తిడి పెరిగి వేడియు పెరుగునని డెనిస్ పాపిన్ 1679లోనే చూపెను. రెండు వందల సంవత్సరముల తరువాత, 1879లో, పాశ్చరు మహాశయుని సహచరుడు చార్లెస్ చాంబర్లాండ్ ఆ సూత్రముననే ఆటోక్లేవు అను యంత్రమును తయారుచేసెను. శ్రోతల యిండ్లలో పప్పు ఉడికించు ప్రెషరు కుక్కరు దానికి చెల్లెలే. చదరపు అంగుళమునకు 15 పౌనుల అదనపు ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీలకు చేరును. ఆ వేడిలో పదునైదు నిముషములు, లేక 134 డిగ్రీలలో మూడు నాలుగు నిముషములు ఉన్నచో బీజములు కూడ నశించును. ఎత్తయిన ప్రదేశములో ఒత్తిడి ముల్లు 15 చూపినను వేడి ఒక డిగ్రీ తక్కువ కావచ్చును గనుక, ముల్లును గాక ఉష్ణోగ్రతను కొలిచి నడచుకొను నేటి యంత్రములు మన ప్రాంతమునకు మేలైనవి. అట్లని యింటి కుక్కరుతో ఆ పని చేయరాదు. ఎంత వేడి ఎంత సేపు నిలిచినదో చెప్పు సాధనము దానికి లేదు. పనిముట్లను ఆరబెట్టు ఏర్పాటును లేదు.

ఆరబెట్టుట యెందుకని అడుగుదురేమో. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టరాదని మన ఇల్లాండ్రకు ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ఇచ్చటి సంగతియు అట్టిదే. పనిముట్లను ప్రత్యేకమైన కాగితపు సంచులలో మూసి ఆటోక్లేవులో పెట్టెదరు. ఆవిరి ఆ కాగితము గుండా లోనికి పోవును, క్రిములు పోలేవు. కాని సంచి తడిగా బయటికి వచ్చినచో ఆ తడి వెంట క్రిములు లోనికి ప్రాకును. అప్పుడు పడిన శ్రమ అంతయు వృథా.

అంతకు ముందు మరియొక పని యున్నది. దానిని ఎవరును పొగడరు. అది కడుగుట. రక్తము, చిగురు తునకలు పనిముట్టుపై ఎండి గట్టిపడిన యెడల అవి క్రిములకు గొడుగు పట్టును. వాని క్రిందికి ఆవిరి సరిగా పోదు. కావున మొదట కడిగి, మూలమూలల మురికి ధ్వని తరంగములతో రాలగొట్టు తొట్టిలో ఉంచి, మరల మంచినీట జాడించి, ఆరిన పిమ్మటనే సంచిలో పెట్టవలెను. ఈ పని సాధారణముగా వైద్యుడు చేయడు. అతని సహాయకురాలు, తరచు ఆ ఊరి ఆడపిల్ల, చేయును. ఆమె చేతికి మందమైన తొడుగులు ఉన్నవా? సూది గ్రుచ్చుకొన్నచో ఏమి చేయవలెనో ఆమెకు ఎవరైన చెప్పిరా? ఆమెకు హెపటైటిస్-బి టీకా వేయించిరా? 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ భారతదేశపు మొట్టమొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తయారుచేసి, దిగుమతి టీకాల ధరకు అందనివారికి దానిని అందుబాటులోనికి తెచ్చినది. మూడు మోతాదులు చాలును. ఆ టీకా పుట్టిన నగరమునకు ఇంత చేరువలో, పనిముట్లు కడుగు బాలిక టీకా లేకుండ ఉండుట మాకు క్షమింపరాని విషయముగా తోచుచున్నది.

ఇక పంటిని తొలచు యంత్రము. 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ గాలితో తిరుగు ఎయిరోటారును ప్రవేశపెట్టిన తరువాత పంటి వైద్యము రూపమే మారినది. నేటి ఎయిరోటారులు నిముషమునకు మూడు లక్షల చుట్లకు మించి తిరుగుచున్నవి. నొప్పి తగ్గినది, కాలము కలిసివచ్చినది. కాని ఆ పిడి లోపల సన్నని గొట్టములు ఉన్నవి. యంత్రము ఆగునపుడు నోటిలోని ద్రవము కొంత వెనుకకు పీల్చబడి వానిలో చేరవచ్చును. పైన స్పిరిటు దూదితో తుడిచినచో లోపలిది పోవునా? దానిని రోగి రోగికిని ఆటోక్లేవు చేయవలసినదే. మామూలు ఆటోక్లేవులో ఆ గొట్టములలోని గాలి చిక్కుపడి ఆవిరికి అడ్డు నిలుచును గనుక, ముందుగా గాలిని పంపుతో లాగివేసి ఆ పైన ఆవిరి నింపు 'బి' తరగతి యంత్రములు వచ్చినవి. ఈ కాలపు యంత్ర విజ్ఞానము ఈ రంగమునకు చేసిన మేలులలో మేము దీనినే మొదటిదిగా ఎంచెదము.

అద్దాల పెట్టెలో నీలి దీపము వెలుగుచుండగా అందులో పనిముట్లు పేర్చి యుంచుట కొన్నిచోట్ల చూచెదము. చూచుటకు ముచ్చటగా నుండును. అది అతినీలలోహిత కాంతి. అది తగిలిన చోటనే పనిచేయును, నీడపడిన ప్రక్కను ముట్టదు. శుద్ధియైన పనిముట్లను దాచుకొనుటకు ఆ పెట్టె పనికివచ్చును గాని, శుద్ధి చేయుటకు కాదు. మందునీటిలో ముంచుటయు నట్లే. గ్లూటరాల్డిహైడు ద్రావణములో బీజములు చచ్చుటకు సుమారు పది గంటలు పట్టును. రోగి రోగికి నడుమ పది నిముషములు ముంచుట శుద్ధి అనిపించుకొనదు.

యంత్రము పనిచేసినదని ఎట్లు తెలియును? సంచిపై నున్న గుర్తు వేడికి రంగు మారును. అది మొదటి సాక్ష్యము మాత్రమే. అసలు పరీక్ష వేరు: వేడికి మిక్కిలి ఓర్చుకొను ఒక జాతి క్రిమి బీజములను చిన్న గొట్టములో పెట్టి, పనిముట్లతో పాటు యంత్రములో ఉంచి, తరువాత అవి మొలకెత్తునేమో చూచెదరు. మొలకెత్తకున్న యంత్రము నమ్మదగినది. 2013లో అమెరికా ఓక్లహోమా రాష్ట్రములోని టల్సా నగరములో ఒక పంటి వైద్యశాలను తనిఖీ చేయగా, నెలనెల జరుపవలసిన ఈ పరీక్ష సంవత్సరముల తరబడి జరుగలేదని బయటపడినది. సుమారు ఏడువేల మంది రోగులను రక్తపరీక్షకు రమ్మని పిలువవలసి వచ్చినది. ఒక రోగి నుండి మరొక రోగికి హెపటైటిస్-సి సోకినట్లు అచ్చట రుజువైనది. సంపన్న దేశమైనను, యంత్రము ఉన్నను, జరిగిన దిది.

మన చేవెళ్ళ, మొయినాబాదుల వంటి చోట్ల వైద్యుని కష్టములు వేరుగా నున్నవి. వానిని తలచకుండ ఊరక తప్పుపట్టుట మాకు ఇష్టము లేదు. బోరునీరు ఖనిజములతో బరువెక్కి యుండును. దానిని ఆటోక్లేవులో పోసినచో కాగులో పట్టినట్లు తెల్లని పెచ్చు పట్టి యంత్రము పాడగును. కావున బట్టీపట్టిన నీటిని కొనవలెను. చక్రము నడుమ కరెంటు పోయినచో, ఐదు నిముషములలో మరల వచ్చినను, అంతవరకు జరిగినది లెక్కకు రాదు, మొదటినుండి నడుపవలసినదే. సాయంకాలము వరుసగా పదిమంది రోగులు వేచియున్నపుడు రెండే జతల పనిముట్లున్న వైద్యునికి ఎంత ఒత్తిడియో ఊహింపుడు. పనిముట్ల జతలు ఎక్కువగా కొనుటయే దీనికి మందు. అది ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చులో కొంత మన ఫీజులోనికి వచ్చును. ఫీజు నాలుగు డబ్బులు తక్కువని వైద్యుని ఎంచుకొనునపుడు ఆ తగ్గినది ఎచ్చట తగ్గినదో ఒకసారి ఆలోచింపవలెను.

కుర్చీలో కూర్చుండిన తరువాత మనము చేయదగినది కొంత యున్నది. "డాక్టరుగారూ, ఆ సంచి మా యెదుట విప్పెదరా?" అని అడుగవచ్చును. సంచిపై గుర్తు రంగు మారినదో లేదో, సంచి పొడిగా నున్నదో లేదో మన కన్నులతోనే చూడవచ్చును. తొలచు పిడి కూడ సంచిలో నుండి వచ్చినదా, లేక కొక్కెమునకు వ్రేలాడుచుండినదా? సూది క్రొత్తదేనా? పుండు కడుగు సెలైను సీసా ఇప్పుడు తెరచినదా, మునుపటిదా? సీసా సంగతి అడుగుటకు మొగమాటపడువారు వాణియంబాడిని తలచుకొందురు గాక. మంచి వైద్యుడు ఇందుకు నొచ్చుకొనడు. తాను పడు శ్రమను చూచువారు దొరకిరని లోలోన సంతోషించును. పెద్దవారిని వెంటబెట్టుకొని పోయిన కోడలుగాని కొడుకుగాని ఈ మాట అడిగినచో మరియు మంచిది. నోట పత్తి పెట్టుకొన్నవారు అడుగలేరు గదా.

"పనిముట్లు ఇంకను యంత్రములో ఉన్నవి, అరగంట ఆగవలెను" అని ఆయన చెప్పినచో విసుగుకొనక ఆగుడు. పట్నము బస్సు ఒకటి పోయినను, వెనుక మరియొకటి వచ్చును.