కండయా? కొవ్వా?
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున నేనేదో కావ్యమును గూర్చి ముచ్చటింతునని కొందఱు తలచియుందురు. కాని మన పఠనమందిరమున ఈ నడుమ కావ్యములకంటె నెక్కువగా చర్చకు వచ్చుచున్న ప్రశ్న యొకటి కలదు. ఒళ్ళు తగ్గగోరువారు కొవ్వుగల మాంసము తినవలెనా, కొవ్వులేని కండ తినవలెనా? కొవ్వే ఔషధమని ఒకరు, కొవ్వే విషమని మఱొకరు వాదించుచున్నారు. నేను వైద్యుడను గాను, పద్దులు వ్రాయువాడను. కావున ఈ వివాదమును జమాఖర్చుల రీతిగనే విచారింతును.

ముందుగా ప్రాచీనుల మాట. చరకసంహిత సూత్రస్థానమున 'అష్టౌనిందితీయ' మను అధ్యాయము కలదు. అందు మిక్కిలి లావైనవాని స్థితియు, మిక్కిలి బక్కవాని స్థితియు చెప్పబడినవి. స్థౌల్యమునకు అతిభోజనము, తీపి, జిడ్డు, వ్యాయామము లేమి, పగటినిద్ర కారణములని చెప్పుచు, బీజస్వభావమును గూడ ఆచార్యుడు అందు చేర్చెను. అనగా లావైనవారిని చూచి తిండిపోతులని నవ్వుట శాస్త్రసమ్మతము కాదు. అట్టివారికి అరుగుటకు ఆలస్యమగుచు, ఒంటికి మాత్రము తక్కువ పుష్టి నిచ్చు ఆహారము మేలని ఆయన నిర్ణయము. కొఱ్ఱలు, ఆరికెలు, పెసలు, ఉలవలు అట్టివి. కడుపు నిండవలెను, నిల్వ పెరుగరాదు. సూత్రమింతియే.

ఇక నేటి లెక్క. 1 గ్రాము కొవ్వు 9 కెలోరీల శక్తి నిచ్చును. 1 గ్రాము మాంసకృత్తులు గాని, పిండిపదార్థము గాని 4 కెలోరీలే యిచ్చును. 100 గ్రాముల కండలో 20 గ్రాముల మాంసకృత్తులు, 3 గ్రాముల కొవ్వు ఉన్నవనుకొందము. మొత్తము 107 కెలోరీలు. అంతే తూకము గల కొవ్వుతునకలో 17 గ్రాముల మాంసకృత్తులు, 20 గ్రాముల కొవ్వు ఉన్నచో 248 అగును. తూకమొకటే, పద్దు రెండింతలకు మించినది. అదిగాక మాంసకృత్తులను అరిగించుకొనుటకే వాని శక్తిలో నూటికి 20 నుండి 30 పాళ్ళు ఖర్చగును. కొవ్వునకు ఆ ఖర్చు 3 పాళ్ళకు మించదు. మాంసకృత్తులు ఆకలిని గూడ ఎక్కువసేపు నిలుపును. ఇంతవరకు గెలుపు కండదే.

అట్లని కొవ్వును పూర్తిగా వెలివేయరాదు. 1928లో న్యూయార్కు నగరమందలి బెల్వ్యూ ఆసుపత్రిలో స్టెఫాన్సన్ అను ధ్రువయాత్రికుడు, వైద్యుల పర్యవేక్షణలో మాంసమే ఆహారముగా నుండెను. అన్నము, రొట్టె ఏమియు లేక వట్టి కండనే తినిపింపగా రెండుమూడు దినములలోనే జబ్బుపడి, కొవ్వు కలుపగానే తేరుకొనెను.

మన తెలుగునాట వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన పద్ధతిలో అన్నము, పప్పు, చక్కెర మాని, కొవ్వును కొలిచి త్రాగుట ప్రధానము. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పును, నూనెను మానుమనిరి. రెండు మార్గములు తూర్పుపడమరలు. రెంటను సన్నబడినవారు కలరు. దీనికి సమాధానము 2018లో ప్రకటింపబడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలో కలదు. 609 మందిని రెండు పక్షములుగా చేసి, ఒక పక్షమునకు కొవ్వును, రెండవదానికి పిండిపదార్థమును తగ్గించి 12 మాసములు పరిశీలించిరి. మొదటివారు సగటున 5.3 కిలోలు, రెండవవారు 6.0 కిలోలు తగ్గిరి. ఆ తేడా లెక్కింపదగినది కాదని పండితులు తేల్చిరి. చక్కెరను, మైదాను తగ్గించి, కూరగాయలు పెంచుమని ఉభయులకును చెప్పియుండిరి. ఏ మార్గమైనను నిలుకడగా నడిచినవానిదే ఫలము.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. మన యిండ్లలో ఈ ప్రశ్న కటికవాని దుకాణమున తేలునది కాదు, కూరకుండలో తేలునది. మాంసము ఉడుకునప్పుడు అందలి కొవ్వు కరగి, మనము పోసిన నూనెతో గూడి శోరువపై తేలును. కండ తునకలలో నిలుచును. వడ్డనలో తునకలు మగవారికి, పిల్లలకు, చుట్టములకు పోవును. వండిన యిల్లాలికి మిగులునది శోరువ. "నేను తునక ముట్టలేదు, ఐనను లావెక్కితిని" అని ఆమె యనుట అబద్ధము కాదు. ఆమె పళ్ళెమున 20 గ్రాముల కరగిన కొవ్వు ఉన్నచో 180 కెలోరీలు. 150 గ్రాముల బియ్యపు అన్నము ఇంచుమించు 525. మాంసకృత్తులు మాత్రము స్వల్పము. కావుననే ప్రొద్దు తిరుగకమునుపే మఱల ఆకలి. ఆపై జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల ఆడబిడ్డలెందఱో దినమంతయు చేట ముందు కూర్చుండి బీడీలు చుట్టవలసినవారు. జమ పెరిగి ఖర్చు తగ్గిన పద్దులో నిల్వ పెరుగక యేమగును? కొవ్వా కండయా యని మగవారు వాదించుకొనుచుండగా, కండ లేని కొవ్వు ఆమె పాలబడుచున్నది. ఇది ఆరోగ్యవిషయమే కాదు, న్యాయవిషయము.

కావున నా మనవి. వండకమునుపే చర్బీని, కోడితోలును తీసివేయుడు. నూనెను సీసాతో గాక చెంచాతో పోయుడు. శోరువ చల్లారినపిమ్మట పైని పేరిన కొవ్వును తీసి, మఱల కాచుకొనుడు. తునకలను ఇంటిల్లిపాదికి సమముగా పంచుడు. అన్నము ఒక గరిటె తగ్గించి, ఆకుకూర ఒక గరిటె పెంచుడు. మాంసము లేని దినములలో గ్రుడ్డు, పెసలు, ఉలవలు ఉండనే యున్నవి. సాయంకాలము నడకకు రొక్కముతో పనిలేదు.

ఒక హెచ్చరిక. చక్కెరవ్యాధికి మందు వాడువారు వైద్యుని అడుగక ఒక్కసారిగా అన్నము మానినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మందునే మానుటయు ప్రమాదమే. మూత్రపిండముల జబ్బు గలవారు మాంసకృత్తులను తమంత తాము పెంచరాదు. మొదటి వారములలో తగ్గిన బరువులో చాలవఱకు నీరే యని తెలిసికొని తొందరపడకుడు.

ఇన్ని యేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు నేర్పినది వాదములో గెలుచుట కాదు, విచారించుట. ఆ విచారము పుస్తకము మూసినపిమ్మట పళ్ళెము వఱకు రావలెను. ఈ పండుగనాడు మీ యింట వడ్డించునప్పుడు ఇల్లాలి పళ్ళెము వంక ఒకసారి చూడుడు. అందు రెండు తునకలు వేసి, పిమ్మట మీరు భుజింపుడు.