గాలము పట్టిన కలెక్టరు



సూరతున నివసించు తెలుగువారికి తపతీనది పరాయిది కాదు. తెలంగాణమునుండి వచ్చిన నేతకుటుంబము లెన్నియో ఈ నగరమున స్థిరపడినవి. 724 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరు ఈ నదిని కాక్రాపార్ ఆనకట్టయు, 1972లో పూర్తియైన ఉకాయి జలాశయమును నిలువరించినవి. పొలములకు నీరు దొరికినది, విద్యుచ్ఛక్తి లభించినది. ఏటికెదురీదు చేపల గతియేమని అడిగినవారెందరు?

అట్టి ప్రశ్నలు ప్రభుత్వము నడిగిన తొలితరమువారిలో హెన్రీ సల్లివన్ థామస్ ఒకడు. ఆయన మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. నాడు కోస్తా తెలుగుజిల్లాలును ఆ రాజధానిలోనివే. పగలు దస్త్రములు, తీరిక దొరికినచో గాలము! మహాసీరు చేపయన్న ఆయనకు మహాప్రీతి. దాని పరిమాణమునుబట్టి చూచిన, పోరాటమున అది విలాయతీ సాల్మనును మించునని ఆయన వాదము. ఇది వేటగాని గొప్ప కాదు: 1946లో మైసూరు ప్రాంతమున వాన్ ఇంగెన్ అనువాడు పట్టిన మహాసీరు 120 పౌండ్లు తూగినది.

1873లో వెలువడిన ఆయన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ మూడు కూర్పులు పొందినది. చెరువులలో గాలమువేయుటపై 1887లో వేరొక గ్రంథము వ్రాసెను. అయితే వీనికంటె విలువైనది 1870నాటి దక్షిణ కన్నడజిల్లా నివేదిక. నదులలో విషము కలిపి, సన్నకన్నుల వలలతో పిల్లచేపలనుసైతము ఊడ్చివేసినచో రేపటి ఆహారమే నశించునని ఆయన అందు హెచ్చరించెను. వినోదమునకై నదికి పోయినవాడు ప్రజల కూటిని గూర్చి ఆలోచించుట విశేషమే.

థామస్, ఫ్రాన్సిస్ డే వంటివారి నివేదికలు దారిచూపగా, ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలు పట్టుటను నిషేధించుచు 1897లో మత్స్యచట్టము వచ్చినది. కాని దొరల గాలమునకు గౌరవము, పేదజాలరి వలకు దండనయా యను ఆక్షేపణయు కలదు. అందు న్యాయము లేకపోలేదు. చట్టము చేసినవారు జాలరుల ప్రత్యామ్నాయ జీవనమును గూర్చి అంతగా యోచింపలేదు.

చట్టము చేయలేని పనిని పిదప శాస్త్రము చేసినది. సూరతు 1960వరకు బొంబాయి రాష్ట్రములోనిదే. ఆ రాష్ట్ర మత్స్యశాఖలో పనిచేసిన డాక్టరు సి.వి. కులకర్ణి, పదవీవిరమణానంతరము లోనావలా వద్ద టాటా విద్యుత్ సంస్థవారి సరస్సుల చెంత మహాసీరు గ్రుడ్లను పొదిగించి పిల్లలను పెంచు విధానమును నెలకొల్పెను. అచ్చటి పిల్లచేపలను పలురాష్ట్రముల జలములకు పంపి వదలిరి.