పండుగ మర్నాటి వంట



పండుగ వంటల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పండుగ మర్నాటి వంట గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నిజానికి ఇల్లాలికి అసలు పరీక్ష ఆ మర్నాడే. చుట్టాలు బస్సెక్కి వెళ్ళిపోతారు. పిల్లలు "మళ్ళీ పులిహోరేనా అమ్మా?" అంటారు. ఇంటాయన "కాస్త వేడి చారు పెడితే చాలు" అంటారు. మరి గిన్నెల్లో మిగిలినదంతా ఎవరు తింటారు? పారెయ్యడానికి చేతులు రాక మనమే తింటాం. పొద్దున్న అదే, మధ్యాహ్నం అదే, రాత్రికీ అదే. కడుపులో తేడా చేస్తే పండుగ అలసట అని సరిపెట్టుకుంటాం.

ఈ అలవాటు మానుకుందామని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. పారెయ్యమని కాదు. మిగిలినదాన్ని ఇంటిల్లిపాదీ అడిగి వడ్డించుకునే వంటగా మార్చుకుందాం అంటున్నాను.

మన పెద్దలు సద్దిని చిన్నచూపు చూడలేదు. పెద్దల మాట సద్దిమూట అన్నారు. పోతనగారి భాగవతంలో చిన్నికృష్ణుడు గోపబాలుర మధ్య కూర్చుని చల్దులు ఆరగిస్తాడు. తెలంగాణలో బతుకమ్మ చివరిరోజుకి పేరే సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది పట్టుకెళ్ళి పదిమందికీ పంచి తింటారు. సద్ది అంటే కలిసి తినేది. ఇంట్లో ఒక్కరే మూల కూర్చుని తినవలసినది కాదు.

అయితే సద్దికీ పాసిపోయినదానికీ తేడా ఉంది. ఆ తేడా మర్నాడు తేలదు, పండుగనాడు భోజనాలయిన వెంటనే తేలుతుంది. బియ్యంలో ఒకరకం సూక్ష్మజీవి బీజాలుంటాయి. శాస్త్రజ్ఞులు దాన్ని బాసిల్లస్ సీరియస్ అంటారు. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా బయట ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకని అందరూ తిన్నాక కబుర్లలో పడకుండా, మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, రెండు గంటలు దాటకముందే మూతగిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మర్నాడు కావలసినంతే తీసి, పొగలు కక్కేలా ఒక్కసారే వేడిచెయ్యండి. వాసన, జిగురు అనుమానంగా ఉంటే రుచి చూడకుండానే తీసెయ్యండి. మన కడుపు మీద పరీక్ష వద్దు.

ఇక వంటల సంగతి. మేముండే నాగారం చుట్టుపక్కల అన్ని జిల్లాలవాళ్ళూ ఉన్నారు. 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడ్డాక ఉద్యోగాలకోసం ఎక్కడెక్కడివాళ్ళో ఈవైపు వచ్చి స్థిరపడ్డారు. ఒకరింట్లో బొబ్బట్లు, పక్కింట్లో అవే పోలెలు. ఒకరు తపాలచెక్క అంటే ఇంకొకరు సర్వపిండి అంటారు. నేను చెప్పేవి రెండు వైపులవీను.

తెల్లన్నం మిగిలితే సర్వపిండి చెయ్యండి. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు అన్నం మెత్తగా చిదిమి కలపండి. నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్ళు చల్లి ముద్ద చెయ్యండి. చల్లటి మూకుడుకి నూనె రాసి చేత్తో పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, వాటిల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చండి. అన్నం కలవడంవల్ల లోపల మెత్తగా, అడుగున కరకరలాడుతూ వస్తుంది. పులిహోర మిగిలినా ఇలాగే చెయ్యవచ్చు. అందులో ఉప్పూ, కారమూ, పోపూ ఉండనే ఉన్నాయి కాబట్టి పైన వేసేవి తగ్గించుకోండి.

కనుమనాడు మినుము తినాలంటారు కదా, గారెలు ఎప్పుడూ ఓ పది ఎక్కువే అవుతాయి. మర్నాటికి గట్టిపడిన గారెల్ని వేడినీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి నీళ్ళు తీసెయ్యండి. అల్లం, పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు కలిపి చిలికిన పెరుగులో వేసి, పైన ఆవాలు, ఇంగువ పోపు పెట్టండి. అరగంట ఆగితే ఆవడలే. పెరుగు గిట్టనివాళ్ళకి మరుగుతున్న చారులో వేసి ఇవ్వండి.

బొబ్బట్ల పూర్ణం మిగిలితే పాయసం చేసుకోవచ్చు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. బెల్లం ఉన్న పూర్ణాన్ని మరిగే పాలల్లో వేస్తే పాలు విరిగిపోవచ్చు. పూర్ణాన్ని ముందు నీళ్ళతో జారుగా మరిగించి, దింపి చల్లారనిచ్చి, అప్పుడు కాచి చల్లార్చిన పాలు కలపండి. శనగపప్పు ఉడికించి వార్చిన కట్టు కూడా పారబొయ్యకండి. చింతపండు పులుసు, ధనియాల పొడి వేసి మరిగించి పోపు పెడితే కట్టు చారు. ఇంటాయన అడిగిన వేడి చారు అదే!

ముద్దపప్పు మిగిలితే గోధుమపిండిలో వేసి, వాము, కొత్తిమీర చేర్చి నీళ్ళకి బదులు ఆ పప్పుతోనే కలిపి రొట్టెలు కాల్చండి. గుమ్మడి, వంకాయ, చిక్కుడు కూరలు తలా కాస్త మిగిలితే చింతపండు పులుసులో వేసి, చిన్న బెల్లం ముక్క, చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి బాగా మరిగించండి. మూడు గిన్నెల అడుగులు కలిసి చక్కటి ముక్కలపులుసు అవుతుంది.

వేపుళ్ళు చేసిన మూకుట్లో నూనె మిగులుతుంది చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో దీని గురించీ చెప్పింది. ఒకసారి వేపుడుకి వాడిన నూనెను వడగట్టి కూరల్లో వాడుకోవచ్చు, అదీ ఒకటి రెండు రోజుల్లోనే. మళ్ళీ వేపుడుకి మాత్రం వద్దు.

ఇంత శ్రమ ఎందుకు, చెత్తబండిలో వేస్తే సరిపోదా అనుకోవచ్చు. ఆ చెత్తబండి ఎటు పోతుందో మావైపు వాళ్ళకి బాగా తెలుసు. జంటనగరాల చెత్త ఏళ్ళ తరబడి చేరింది మా పక్కనున్న జవహర్‌నగర్ యార్డుకే. పాడైన అన్నం, కూరలు గుట్టల అడుగున కుళ్ళితే మురుగునీరు ఊరుతుంది, మండే వాయువు పుడుతుంది. గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు మూసుకోవలసిందే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళలోంచి పోయిందే. అంటే ఈ పని సగానికి పైగా మన వంటిళ్ళలోనే ఉందన్నమాట.

చివరగా ఒక చిన్న మనవి. వచ్చే పండుగకి వండేముందే ఎంతమంది తింటారో లెక్క చూసుకోండి. అయినా మిగిలితే మర్నాటి వంటకి ఇంట్లోవాళ్ళని కూడా పిలవండి. పిల్లలు అన్నం చిదుముతారు, ఇంటాయన ఉల్లిపాయలు తరుగుతారు. తయారయ్యాక మీరూ వాళ్ళతో పాటే కూర్చుని వేడివేడిగా తినండి. రెండోరోజుకి కూడా మిగిలి, ఎవరికీ వద్దన్నది ఉంటే దాన్ని మొక్కల ఎరువు కుండీలో వెయ్యండి. మీ కంచంలో మాత్రం వేసుకోకండి.

సెలవు.