ఆరినదెల్ల ఎరువు కాదు
(తిరువూరు ప్రాంతపు రైతుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



తడి ఆరని గడ్డిని వామి వేసినచో రెండు మూడు దినములలో లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టును. ఇది మీరెరిగినదే. కంటికి కనబడని సూక్ష్మజీవులు గడ్డిని తినుచు పుట్టించు వేడి అది. పట్టణపు చెత్తను ఆరబెట్టుటకు ఆ వేడినే వాడుకొను పద్ధతి యొకటి కలదు. 1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయము వారు దీనిని పరిశీలించినది చెత్తపై కాదు, పాడిపశువుల పేడపై.

మన పట్టణముల చెత్తలో సుమారు సగము నీరే. అట్టి చెత్త సరిగా మండదు, జల్లెడకు దిగదు. దానిని కప్పు క్రింద గుట్టపోసి, అడుగు నుండి గొట్టముల ద్వారా గాలి పంపినచో గుట్ట 50, 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కును. ఆవిరియైన నీటిని గాలి మోసికొనిపోవును. ఒకటి రెండు వారములలో గుట్ట ఆరును.

లెక్క చూడుడు. 1000 కిలోల చెత్తలో నీరు 550 కిలోలు, పొడి పదార్థము 450 కిలోలు అనుకొందము. సూక్ష్మజీవులు 60 కిలోల పదార్థమును తినివేసి, తేమ నూటికి 25 పాళ్లకు దిగినచో మిగులునది 520 కిలోలు. అనగా బండెడు చెత్త అరబండి యగును. ఇది కొలిమికి మంచి వంటచెరకు.

అయితే ఇది ఎరువేనా? కాదు. ఎరువు గుట్టను మనము తడుపుచు, తిరుగవేయుచు, సూక్ష్మజీవులకు తిండి తీరువరకు మాగనిత్తుము. ఇక్కడ తిండి తీరకమునుపే నీరు తీరిపోవును. అవి చావవు, ఆకలితో నిద్రించును. చూపునకు నల్లగా, పొడిగా ఎరువువలెనే యుండును. చవుకగా వచ్చినదని దానిని మామిడి పాదులలో పోసినచో తొలివానకు అవి మేల్కొని, నేలలోని నత్రజనిని తామే లాగుకొనును. లేతమొక్కల ఆకులు పసుపుబారును. గాజుపెంకులు, ప్లాస్టిక్కు ముక్కలు, పాత బ్యాటరీల సీసము నేలలోనే నిలిచిపోవును. ఒకసారి కలిసిన సీసమును తీయుట ఎవరి తరము కాదు.

కాబట్టి కొనుటకు ముందు పిడికెడు తీసి తడిపి, మూతగల సీసాలో మూడు దినములుంచుడు. దుర్వాసన కొట్టినచో అది మాగలేదు. తడిపిన మట్టిలో కొంత కలిపి పది పెసర గింజలు నాటి, ఉత్త మట్టిలో మొలచిన వానితో పోల్చుడు. సీసము మాత్రము కంటికి, ముక్కునకు తెలియదు. పరీక్షా పత్రము అడుగుడు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద పట్టణ కంపోస్టుకు విధించిన ప్రమాణములలో సీసము కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. కర్బన నత్రజనుల నిష్పత్తి 20 మించరాదు.

తిరువూరు 2011లో నగర పంచాయతీ అయినది. ఊరు పెరిగినకొలది చెత్తయు పెరుగును. మీ ఇంటి కూరతొక్కలు, ఎంగిలాకులు పెంటగుంటకు చేరనిండు. ప్లాస్టిక్కును, గాజును వేరుగా ఉంచుడు. చెత్తను వేరుచేయవలసిన చోటు పొయ్యి దగ్గరనే గాని, పొలములో కాదు.